తోటి ప్రయాణికుని పొగ

వికారాబాదు నుండి పర్లీ వైపు పోవు రైలుబండి జహీరాబాదు దాటినదనుకొనుడు. పెట్టెలో నొకడు బీడీ ముట్టించెను. ఎదుట కూర్చున్న తల్లి పసిబిడ్డ ముఖమునకు కొంగు అడ్డము పెట్టెనే గాని నోరు విప్పలేదు. ఈ మౌనమునే మనము మర్యాద యనుకొందుము.

1989 నాటి రైల్వేల చట్టము 167వ సెక్షను, తోటి ప్రయాణికుడు అభ్యంతరము చెప్పినచో పెట్టెలో పొగ త్రాగరాదని శాసించినది. 2008 అక్టోబరు 2 నుండి బహిరంగ స్థలములందు ధూమపానమునే నిషేధించు నియమములు అమలునకు వచ్చినవి. కాన నడుగుట మన హక్కు.

కొంగు పొగ నాపదు. "అన్నా, బిడ్డ దగ్గుచున్నది, బీడీ ఆర్పవా" యని నెమ్మదిగా నడుగుడు. పలువురు అడిగిన వెంటనే ఆర్పుదురు. విననివాని సంగతి టికెట్టు కలెక్టరుకు చెప్పుడు. ఆ తల్లి యడుగుటకు జంకినచో, ప్రక్కనున్న మనమే యడుగుదము.