తొక్కడం మానేసిన సైకిలు

 

అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి 2019 మార్చిలో మెట్రో వచ్చింది. బ్రేకు వేస్తే దాని మోటార్లే జనరేటర్లయి కరెంటును పై తీగకు తిరిగిస్తాయి. అందరూ మెచ్చుకునేది దీన్నే. నన్నడిగితే, అనవసరపు బ్రేకే పడకుండా నడపడం మేలు. తిరిగొచ్చేది ఖర్చయినదానికన్నా ఎప్పుడూ తక్కువే.

ముందు రైలు స్టేషన్లో ఆలస్యమైతే, వెనకది వేగంగా వచ్చి మధ్యలో నిలబడి మళ్లీ కదలడం దండగ. సీబీటీసీ సిగ్నలింగ్‌లో ముందు రైలు ఎక్కడుందో ఎప్పటికప్పుడు తెలుస్తుంది. కాబట్టి మోటార్లకు కరెంటు ముందే ఆపి దొర్లనివ్వొచ్చు. బడి గేటు కనబడగానే సైకిలు తొక్కడం మానేసేవాళ్లం కదా, అదే!

దీనికి టైంటేబుల్లో కొన్ని సెకన్ల వెసులుబాటు కావాలి. సాయంత్రం రాయదుర్గంలో మూడు బోగీల కోసం జనం కిక్కిరిసినప్పుడు ఆ సెకన్లు నేనడగను. మధ్యాహ్నం రెండింటికి మాత్రం అడుగుతాను.