ఆ నాలుగు వారాలు ఎవరి సొత్తు?

(సంక్షేమ హాస్టళ్ల విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మేం రోస్టరు పాయింట్ల గురించి మాట్లాడతామని మీరు అనుకుని ఉంటారు. కాదు. రోస్టరే లేని చోటు గురించి మాట్లాడదామని వచ్చాం. అక్కడ నోటిఫికేషను లేదు. హాల్‌టికెట్టు లేదు. మెరిట్ లిస్టు గోడకి అంటించరు. అయినా ఏటా సీట్లు నిండిపోతాయి. దాని పేరు ఇంటర్న్‌షిప్. అందులోనూ ఇన్వెస్ట్‌మెంటు బ్యాంకులో ఇంటర్న్‌షిప్.

ముందు ఆ బ్యాంకంటే ఏంటో చెప్పుకుందాం. మనం చెవికమ్మలు తాకట్టు పెట్టే బ్యాంకు కాదిది. డ్వాక్రా పొదుపు కట్టించుకోదు, పంట రుణం ఇవ్వదు. ఒక కంపెనీ షేర్లు అమ్ముకోవాలన్నా, ఇంకో కంపెనీని కొనాలన్నా, ప్రభుత్వం తన సంస్థలో వాటా అమ్మాలన్నా మధ్యలో నిలబడి, లెక్క కట్టి, ధర తేల్చి, కొనేవాళ్లని తెచ్చి కమీషను పుచ్చుకునే సంస్థ. పశువుల సంతలో బేరగాడు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర తేలుస్తాడు చూడండి, అదే పని. తువ్వాలు బదులు కంప్యూటరు. 2022 మే నెలలో ఎల్ఐసీలో నూటికి మూడున్నర వంతు అమ్మి ప్రభుత్వం 20,500 కోట్ల రూపాయలకు పైగా తెచ్చుకుంది. ఆ అమ్మకం నడిపించింది ఇలాంటి దేశవిదేశీ సంస్థలే. వీటి పెద్ద కుర్చీలు న్యూయార్కులో, లండన్లో, బొంబాయిలో ఉంటాయి. వాటి లెక్కల పని, కంప్యూటరు పని మాత్రం చాలాభాగం బెంగుళూరుకి, హైదరాబాదుకి వచ్చింది.

అలాంటి ఒక ఆఫీసుకి మా బడిలో పదో తరగతి చదివిన అమ్మాయి నాలుగు వారాలు పోయొచ్చింది. తల్లి మిరప కోతలకి పోతుంది. తండ్రి తాపీ పని. అమ్మాయి గుంటూరులో బీకాం. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ పిల్లలకి మూడేళ్లలో పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. పెట్టారు బాగానే ఉంది. ఎక్కడ చెయ్యాలి సార్ అని పిల్లలు అడిగితే కాలేజీవాళ్లు ఏమన్నారు? మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చూసుకోండి అన్నారు. మనకి తెలిసినవాళ్లు ఎవరు? మేస్త్రి, కిరాణా కొట్టు శెట్టిగారు, ఆర్ఎంపీ డాక్టరు. మన హాస్టల్లోనే చదివి ఆ బ్యాంకులో చిన్న ఉద్యోగం చేస్తున్న కుర్రాడు ఒకడు లోపల నోరు తెరిచి అడిగాడు గనక ఈ పిల్లకి చోటు దొరికింది. లేకపోతే లేదు.

జీతం లేదు, భత్యం లేదు. లేడీస్ హాస్టలు అడ్వాన్సు, బస్సు చార్జీలు, రెండు జతల మంచి బట్టలు, మూసిన బూట్లు. తల్లి గ్రూపులో ఐదు వేలు అప్పు తీసింది. మేం టీచర్లం నలుగురం తలా కొంత వేసుకున్నాం. ఉచితంగా పని చెయ్యడానికి కూడా పెట్టుబడి కావాలని అప్పుడు ఆ తల్లికి అర్థమైంది. "పనికి పోతే కూలిస్తారు గదయ్యా, మనమే ఎదురు కట్టడమేంది?" అని అడిగింది. ఈ ప్రశ్నకి ఏ యూనివర్సిటీ ఆచార్యుడు సమాధానం చెప్తాడో చెప్పమనండి.

అక్కడ మొత్తం ఎనిమిది మంది పిల్లలు. మిగతా ఏడుగురూ ఎలా వచ్చారో మాటల్లో బయటపడింది. ఒకడి తండ్రి ఆడిటరు. ఒకమ్మాయి మేనత్త అక్కడే ఆఫీసరు. ఇంకొకడి తండ్రికి ఆ బ్యాంకుతో వ్యాపారం. వాళ్లు దాచుకోలేదు పాపం. దాచుకోవాల్సిన సంగతని వాళ్లకి తెలిస్తే గదా! భోజనాల దగ్గర ఇంటిపేరు అడిగారు. చెప్పింది. ఆ ఇంటిపేరుతో వాళ్లకి తేలలేదు. స్కాలర్‌షిప్ వస్తుందా అని అడిగారు. వస్తుంది అంది. తేలిపోయింది.

పని సంగతీ చెప్పాలి. కంపెనీల వార్షిక నివేదికల్లో అంకెలు చూసి షీట్లలోకి ఎక్కించడం, సరిచూడడం. రెండో వారంలో ఒక షీటులో లక్షలు, కోట్లు కలిసిపోయాయని ఈ పిల్లే కనిపెట్టింది. ఆ సెక్షను చూసే ఆవిడ మెచ్చుకుంది, దగ్గర కూర్చోబెట్టుకుని బ్యాలెన్సు షీటు ఎలా చదవాలో నేర్పింది. ఆ మంచిని మేం దాచం. మనిషి మంచిదైతే తలుపు మంచిదైపోదు, అంతే.

మూడో వారం ఒక ప్రభుత్వరంగ సంస్థ లెక్కలు వచ్చాయి. అందులో ఉద్యోగుల ఖర్చు అని ఒక వరస. దాన్ని ఎంత తగ్గిస్తే సంస్థ విలువ ఎంత పెరుగుతుందో లెక్క కట్టాలి. ఆ రాత్రి మాకు ఫోను చేసింది. "సార్, ఆ వరసలో మా మేనమామ ఉన్నాడు" అంది. మేనమామ అదే సంస్థలో ఖలాసీ. ఆ కుటుంబంలో మొదటి నెలజీతగాడు. రిజర్వేషన్ వల్ల వచ్చిన ఉద్యోగం.

మిత్రులారా, అసలు విషయం ఇక్కడుంది. 2021 జనవరిలో విశాఖ ఉక్కులో ప్రభుత్వ వాటా నూటికి నూరూ అమ్మాలని కేంద్రం నిర్ణయించినప్పుడు మనం జెండాలు పట్టుకుని రోడ్డెక్కాం. ఎక్కాలి. ప్రభుత్వ సంస్థ ప్రైవేటు చేతికి పోయిన రోజు నుంచి కొత్త నియామకాల్లో రోస్టరు ఉండదు. కానీ అమ్మకం ధర్నా చౌకులో జరగదు. ఒక చల్లటి గదిలో, ఒక షీటు మీద జరుగుతుంది. ఆ గదిలో మనవాళ్లు ఎవరూ లేరు. ఉంటే ఆగిపోతుందని మేం అనడం లేదు. అంకె వెనక మనిషి ఉన్నాడని గుర్తుపట్టే కన్ను కూడా అక్కడ లేదంటున్నాం.

ఇలాంటి చోటికి మన పిల్లల్ని ఎందుకు పంపాలి, పెట్టుబడిదారుడి కొలువుకా అని కొందరు సహచరులు అడుగుతున్నారు. వాళ్లకి బాబాసాహెబ్ జీవితమే జవాబు. ఆయన కొలంబియాలో, లండన్లో చదివింది ఆర్థికశాస్త్రం. రూపాయి సమస్య మీద ఆయన పుస్తకం 1923లో వచ్చింది. 1925లో కరెన్సీ మీద వేసిన రాయల్ కమిషన్ ముందు సాక్ష్యం ఇచ్చాడు. అంతకుముందు సంగతి చాలామందికి తెలీదు. 1917లో బరోడా కొలువు వదిలి బొంబాయి వచ్చాక, షేర్లలో డబ్బు ఎలా పెట్టాలో సలహా చెప్పే వ్యాపారం పెట్టాడు. సలహా చెప్పేది అంటరానివాడని తెలిసి గిరాకీలు రావడం మానేశారు. అది మూతపడింది. సలహా తప్పని ఎవరూ అనలేదు. చెప్పిన నోరు తప్పన్నారు. నూరేళ్లు దాటింది. ఇప్పుడు నోరు తప్పని ఎవరూ అనరు. "ఫిట్ కాలేదు" అంటారు.

ఇది మా ఊహ కాదు. ఒకే చదువుతో, వేర్వేరు ఇంటిపేర్లతో ప్రైవేటు కంపెనీలకి దరఖాస్తులు పెట్టి చూశారు థోరట్, అట్వెల్. దళిత పేర్లకి పిలుపులు తక్కువ వచ్చాయని 2007లో అచ్చయింది. 2012లో అచ్చయిన ఇంకో పరిశీలనలో వెయ్యి పెద్ద కంపెనీల బోర్డుల్ని చూస్తే నూటికి 93 మంది అగ్రకులాలవాళ్లు. ఎస్సీ, ఎస్టీలు కలిపి మూడున్నర. కులం లేని దేశాల్లోనూ వర్గం ఇదే ఆట ఆడుతుంది. లండన్ ఇన్వెస్ట్‌మెంటు బ్యాంకుల మీద 2016లో అక్కడి సోషల్ మొబిలిటీ కమిషన్ నివేదిక ఇచ్చింది. సూటు మీద గోధుమరంగు బూట్లు వేసుకొచ్చిన కుర్రాడిని కొందరు మేనేజర్లు అక్కడికక్కడే తక్కువ చేస్తున్నారట! ఏ రంగు బూట్లు వెయ్యాలో ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. ఇంట్లో తండ్రిని చూసి నేర్చుకోవాలి. తండ్రికి బూట్లే లేకపోతే? దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు మెరిట్!

చట్టంతో ఇది మారదా? మారుతుంది. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. 1973లో సవరించి శిక్షణ స్థానాల్లో ఎస్సీ, ఎస్టీలకి రిజర్వేషన్ పెట్టారు. ప్రైవేటు ఫ్యాక్టరీకి కూడా అది వర్తిస్తుంది. అంటే ఫిట్టరు, వెల్డరు నేర్చుకునే చోట మనకి వాటా ఉంది. ధర కట్టడం నేర్చుకునే చోట లేదు. పేరు ఇంటర్న్‌షిప్ అయ్యేసరికి అది పెద్దమనుషుల ఇంటి వ్యవహారమైపోయింది. 2024 బడ్జెట్‌లో కేంద్రం పెద్ద కంపెనీల్లో ఇంటర్న్‌షిప్ పథకం ప్రకటించింది. నెలకి 5,000 రూపాయలు, బహిరంగంగా దరఖాస్తు. అంటే తలుచుకుంటే తలుపు తెరవొచ్చన్నమాట. కానీ అప్పుడు పెట్టిన నిబంధనల్లో పూర్తికాలం చదువుకుంటున్న పిల్లలు దానికి అర్హులు కారన్నారు. మన బీకాం పిల్ల మళ్లీ మేనత్త లేని పిల్లే.

అందుకని మనం అడగాల్సినవి ఇవి. ఒకటి, డిగ్రీకి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసిన ప్రభుత్వమే చోటు చూపించాలి. తెలిసినవాళ్లని చూసుకోండి అనే మాట కాలేజీల్లో వినపడకూడదు. రెండు, ప్రభుత్వం నుంచి భూమి, రాయితీలు పొందిన ప్రతి ఆఫీసూ ఇంటర్న్‌షిప్ సీట్లెన్నో, ఎవరికిచ్చిందో ఏటా బయటపెట్టాలి. మూడు, అప్రెంటిస్ చట్టంలో ఉన్న వాటా వీటికీ రావాలి. నాలుగు, కూలి లేని పని వద్దు. భత్యం, బస ఇవ్వాలి.

ఇవి వచ్చేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోం. లోపల ఉద్యోగం చేస్తున్న మన పిల్లలు ఏడాదికి ఒక్కరి కోసమైనా నోరు తెరవాలి. దాన్ని సిఫారసు అని సిగ్గుపడొద్దు. వాళ్లు తరతరాలుగా చేస్తున్నది అదే. మనం చేసేది తలుపు అందరికీ తెరుచుకునేదాకా. జిల్లాకొక నిధి పెట్టుకుందాం, బస్సు చార్జీకి, బూట్లకి ఏ తల్లీ గ్రూపులో అప్పు తియ్యకుండా. వెళ్లొచ్చిన ప్రతి బిడ్డా హాస్టలుకి తిరిగొచ్చి, బ్యాలెన్సు షీటు ఎలా చదవాలో పదిమందికి చెప్పాలి. మా అమ్మాయి ఇప్పటికే రెండు హాస్టళ్లలో చెప్పింది. మూడోది ఎవరు పిలుస్తారో ఈ సభ అయ్యేలోపు పేరు ఇవ్వండి.

జై భీమ్.