జోల లయలో దాగిన ప్రశ్న

ఈ సాయంత్రం ఒకే ఒక్క రచన గురించి మాట్లాడతాను. అది అమెరికన్ స్వరకర్త శామ్యూల్ బార్బర్ 1947లో కూర్చిన ‘నాక్స్‌విల్: సమ్మర్ ఆఫ్ 1915’. స్త్రీ గొంతుల్లో అన్నిటికన్నా పై స్థాయి పలికే సొప్రానో, తోడుగా వాద్యబృందం. మొత్తం పావుగంట సంగీతం. టెనెసీ రాష్ట్రంలోని ఆ ఊళ్లో ఒక పసివాడు చూసిన వేసవి సాయంత్రమే ఇందులోని విషయం. చాలామంది దీన్ని తీపి జ్ఞాపకంగా విని ఊరుకుంటారు. నా దృష్టిలో మాత్రం ఇది, ఏం పోయిందో తెలిసిన మనిషి పాడే పాట.

ముందు మాటల సంగతి చూద్దాం. ఇది పద్యం కాదు, జేమ్స్ ఏజీ 1938లో ప్రచురించిన వచనం. ఏజీ తండ్రి 1916లో కారు ప్రమాదంలో మరణించాడు. అంటే పేరులో ఉన్న ఆ వేసవి, ఇంటిల్లిపాదీ కలిసి గడిపిన చివరి వేసవి. బార్బర్‌దీ ఏజీ వయసే. 1915 వేసవిలో ఇద్దరూ ఐదేళ్ల పిల్లలు. ఈ స్వరరచన సాగుతున్న ఏడాదే బార్బర్ తండ్రి జబ్బుపడి కన్నుమూశాడు. రచన ఆయన స్మృతికే అంకితమైంది.

ఇక సంగీతం. అరుగుల మీద పెద్దలు కూర్చున్న కుర్చీలు ఊగుతున్నట్టు, జోలపాటలాంటి లయతో గొంతు మొదలవుతుంది. అంతలో ట్రామ్ వస్తుంది. వాద్యాలన్నీ ఒక్కసారి గరగరమని లేస్తాయి, లయ విరుగుతుంది. బండి దూరమయ్యాక గొంతు మళ్లీ నెమ్మదిస్తుంది. ఆ తర్వాత పెరట్లో గడ్డి మీద దుప్పట్లు పరుచుకుని పడుకున్న తనవాళ్లను ఒక్కొక్కరినే తలుచుకుంటూ, ఈ భూమ్మీద ఉండటంలోని దుఃఖాన్ని తాకి, వాళ్లను చల్లగా చూడమని దేవుణ్ణి వేడుకునే చోట స్వరం శిఖరానికి చేరుతుంది. వట్టి సంతోషమే అయితే ఆ ప్రార్థనకు అంత ఆర్తి ఎందుకు?

పసివాడి మాటలు నిండు స్త్రీ కంఠంలో సహజంగా ఉంటాయా అని అడగవచ్చు. పిల్లవాడే పాడితే మనకు ఆ సాయంత్రం మాత్రమే దక్కేది. పెద్ద గొంతు పాడటం వల్ల ఆ సాయంత్రంతో పాటు, గడిచిన ఏళ్లన్నీ కూడా వినిపిస్తాయి. రెండో ఆక్షేపణ, 1940ల చివర ఇంత మధురంగా రాయడం వెనకచూపు అని. కానీ ఇందులో మాధుర్యం ఊరట కోసం రాలేదు. పిల్లవాణ్ణి లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టేటప్పుడు మొదటి ఊగే రాగమే తిరిగి వస్తుంది. సరిగ్గా ఆ హాయి మీదే, ఇంత ప్రేమించేవాళ్లు కూడా నేనెవరో ఎన్నటికీ చెప్పరన్న మాట పడుతుంది. రాగం తియ్యగా ఉండబట్టే ఆ మాట అంత లోతుగా దిగుతుంది.

1948లో బోస్టన్‌లో ఎలినోర్ స్టీబర్ పాడిన తొలి ప్రదర్శనకు పెద్ద బృందం ఉంది. తర్వాత బార్బర్ దాన్ని తగ్గించి ఫ్లూట్, ఓబో, క్లారినెట్, బసూన్ ఒక్కొక్కటి, రెండు హార్న్‌లు, ఒక ట్రంపెట్, హార్ప్, ట్రయాంగిల్, తీగవాద్యాలతో సరిపెట్టాడు. 1950లో అలా ప్రదర్శించిన రూపమే నిలిచింది. ఇంటి ముంగిట చెప్పుకునే మాటకు ఆ పరిమాణమే తగినది.

ఈ రచన విన్నప్పుడు, చివరి మాట ఆగగానే చప్పట్లకు తొందరపడకండి. నేనెవరన్న ఆ ప్రశ్నకు జవాబు రాకుండానే వాద్యాలు మెల్లగా ముగిస్తాయి. ఆ కాసేపు నిశ్శబ్దంగా వినండి.