క్లిప్పు నోరు మూసినవా?

గీతన్నలారా, వానలు పడ్డయి, చెట్లు నానినయి, నాకు ఫోన్లు మొదలైనయి. ఏటా గిదే కథ. ఎండకాలమంతా ఒక్కరు గూడ అడగరు. నాలుగు చినుకులు పడి తాటి మొద్దుకు పాకురు పట్టంగనే, "కాకా, చెట్టెక్కే సేఫ్టీ కిట్టు కట్టుకుంటే రెండు చెట్ల టైముల ఒక్క చెట్టే అయితున్నది, ఎట్ల జెయ్యాలె" అని ఒక తమ్ముడు. "మా ఆయన కిట్టు సంచిని దూలానికి తగిలిచ్చి మోకు తీసుకొని పోతుండు, మీరన్న చెప్పుండ్రి" అని ఒక చెల్లె. హసన్‌పర్తి నుంచి, నాగారం నుంచి, అనంతసాగర్ దిక్కు నుంచి గూడ. అందరికీ కలిపి ఇయ్యాల చెప్తున్న.

టైము సంగతి ముందుగాల తెంపేద్దాం. కొత్తల ఆలస్యమైతది. చిన్నప్పటి నుంచి మోకు, గుజితోని ఎక్కినోనికి చేతులు వాటంతటవే నడుస్తయి. కిట్టుకు అవి అలవాటు పడాలె. రోజూ ఎక్కితే అదే చేతికొస్తది. గంతే, దాని మీద ఇంకేం మాట్లాడ. నేను మాట్లాడేది క్లిప్పు గురించి.

క్లిప్పు అందరు చూసిందే. ఒక కొక్కెం, దానికి స్ప్రింగు మీద ఆడే తలుపు, ఆ తలుపు మీద తిప్పే మర. కొండలెక్కేటోళ్లు కారబినర్ అంటరు, మనకు క్లిప్పే. తలుపు మంచిగ మూసుకొని ఉంటే ఆ పిడికెడు కొక్కెం రెండు టన్నుల బరువుకు గూడ ఆగుతది. అదే తలుపు బియ్యపు గింజంత సందు తెరిచి ఉంటే దాని బలం మూడో వంతుకు పడిపోతది. మూడో వంతుకు, అన్నలారా! ఎందుకంటే తలుపు కొస ఎదుటి ముక్కుల పోయి కూసున్నప్పుడే రెండు పక్కలు కలిసి బరువు మోస్తయి. కూసోకపోతే మొత్తం బరువు వీపు దిక్కే పడుతది. ఉత్తగ నిలబడ్డప్పుడు అది ఆగుతది. కాలు జారి ఒక్కసారి గుంజుకున్నప్పుడు విచ్చుకుంటది. చూస్తానికి మాత్రం మూసుకున్నట్టే ఉంటది. గదే మోసం. అందుకే నేను కలిసినోన్నల్లా ఒక్కటే అడుగుత: క్లిప్పు నోరు మూసినవా?

ఈయనకు క్లిప్పు పిచ్చి ఎక్కడ పట్టింది అంటరు. మా నాయిన ఎర్రగట్టు గుట్ట కింద తాళ్లెక్కిండు. నేను ఫౌజుల పడి పారాట్రూపర్నైన. ఆయనది ఎక్కుడు, నాది దుంకుడు. ఆగ్రాల ట్రైనింగు స్కూలు, మల్పురా మైదానంల దుంకుడు. సినిమాలల్ల చూపిచ్చినట్టు చేత్తోని దారం గుంజే పని గాదు మాది. విమానం లోపట తలకాయ మీదికెల్లి ఒక ఉక్కు తీగ పోతది. వీపు మీది పారాషూట్ నుంచి ఒక పట్టీ వస్తది, దాని కొసకు కొక్కెం. ఆ కొక్కేన్ని తీగకు తగిలియ్యాలె, నోరు మూయాలె, అది తెరుచుకోకుంట సన్నటి పిన్ను గుచ్చాలె, కిందికి గుంజి చూడాలె. బయటికి దుంకంగనే మన బరువుకు పట్టీ బిగుసుకొని పారాషూట్‌ను బయటికి గుంజుతది. సుమారు పన్నెండు వందల అడుగుల మీదికెల్లి దుంకుతం. ముందట ఛాతీకి ఇంకో చిన్న పారాషూట్ ఉంటది నిజమే, కాని ఆ ఎత్తుల ఆలోచన చేసే టైము ఉండది.

ఒక చలికాలం పొద్దుగాల. ఏఎన్-32ల లైనుకు నిలబడ్డం. లోపట ఆ ఇంజన్ల మోతకు పక్కోని మాట గూడ ఇనబడది, అన్నీ సైగలే. నా ముందట ఒక కొత్త పిలగాడు. మంచోడు, బెదురు లేదు. కొక్కెం తగిలిచ్చిండు, పిన్ను గుచ్చిండు, గుంజిండు. వెనకోడు ముందోని సామాను చూసి భుజం మీద కొట్టాలె, అది లెక్క. నేను చూసిన, పిన్ను కనబడుతున్నది, కొక్కెం తీగ మీద ఉన్నది. కొడదామని చెయ్యి లేపేలోపట ఎయిర్‌ఫోర్స్ ఇన్‌స్ట్రక్టర్ వచ్చిండు. పెద్ద మనిషి. ఆయన చేతికున్న గ్లౌజు ఇప్పేసి, ఒక్కొక్కరి కొక్కెం దగ్గర ఆగి, మూతి మీద బొటనవేలు పెట్టి ఇటునుంచి అటు తడుముకుంట వస్తుండు. చూసుడు లేదు, మొకం వేరే దిక్కే ఉన్నది. పిలగాని దగ్గరికొచ్చి ఆగిండు. మళ్ల తడిమిండు. అప్పటికే విమానం తలుపు మీద ఎర్ర లైటు వెలిగింది. ఆయన పిడికిలి లేపి మొత్తం లైనును ఆపేసిండు. పిన్ను బయటికి గుంజితే, దాని తోని ఒక పోగు వచ్చింది. పట్టీ అంచు లేచి, ఆ నూలుపోగు కొక్కెం మూతిల ఇరికింది. పిన్ను పోవలసిన తొవ్వల పోయింది గాని మూతి మాత్రం పూర్తిగ కూసోలేదు. విమానం ఇంకో చుట్టు తిరిగింది. పోగు కత్తిరిచ్చి, మళ్ల తగిలిచ్చి, ఆయన మళ్ల బొటనవేలు పెట్టి చూసినంకనే పచ్చ లైటుకు వదిలిండు. పిలగాన్ని ఒక్క మాట అనలేదు. కింద దిగినంక మాత్రం మా అందరికీ కండ్లకు గుడ్డ కట్టి, కొక్కెం పెట్టుడు, మూసుడు, తడుముడు చేపిచ్చిండు, బువ్వకు పొయ్యే దాక. తిట్టుకున్నం గూడ, అబద్ధమెందుకు.

సర్దాకు ఆకాశం నుంచి దుంకేటోళ్లది ఇంక పెద్ద యవ్వారం. గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంల కిందికొస్తరు. వీపు మీద రెండు పారాషూట్లు. అమెరికాల అయితే రెండోదాన్ని లైసెన్సున్నోడే మడతపెట్టి, ఎర్ర దారం కట్టి సీసం ముద్ర వెయ్యాలె, 180 రోజులకొకసారి ఇప్పి మళ్ల మడతపెట్టాలె. మనిషి సోయి తప్పినా సరే రెండో పారాషూట్‌ను దానంతటదే తెరిచే సైప్రెస్ అనే యంత్రం జర్మనీల 1991ల వచ్చింది. ఇన్ని ఉన్నా గూడ విమానం ఎక్కే ముందు ఒకని పట్టీలు ఒకడు చూస్తడు, దుంకే ముందు మళ్ల చూస్తడు. మనం వేలాడేది ఒక్క రోప్, ఒక్క పట్టీ, ఒక్క క్లిప్పు మీదనే. మనం ఎన్నిసార్లు చూసుకోవాలె?

మన కిట్టు కథ అందరికీ తెలిసిందే. 2024 జూలై 14 నాడు రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడల ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి మొదలుపెట్టిండు, కాటమయ్య రక్ష అని పేరు. మన గీతన్నల దేవుడు కాటమయ్య పేరు పెట్టిన్రు కాబట్టి మొక్కుకొని ఎక్కుండ్రి, నేను వద్దన. మొక్కిన చెయ్యి తోనే బొటనవేలు క్లిప్పు మూతి మీద పెట్టుండ్రి.

ఇగ మన దగ్గరి ముచ్చట. ఎర్రగట్టు అవతల తాటివనంల పోయిన వానకాలం నలుగురికి కిట్టు కట్టుడు చూపిస్తున్న. అండ్ల ఒక పెద్దమనిషి, నాకంటె పెద్దోడు, బావా అని పిలుస్త. చెట్టెక్కుడుల ఆయనకు నేను నేర్పేదేం లేదు. మొవ్వల కూసొని బీడీ తాగి దిగే మనిషి. కిట్టు మంచిగనే కట్టుకున్నడు, తొడ పట్టీలు బిగిచ్చిండు, రోప్ చెట్టు చుట్టు తిప్పి క్లిప్పు తగిలిచ్చి "అయింది పో" అన్నడు. నేను మూతి తడిమిన. గరుకుగ తగిలింది. తలుపు లోపటికి నొక్కి వదిలిన. మామూలుగ అయితే టక్కుమని వచ్చి తగలాలె. అది మెల్లగ, మొద్దు నిద్ర లేచినట్టు వచ్చి, ముక్కుకు తగలకుంటనే ఆగిపోయింది. ఏందని చూస్తే కల్లు! లొట్టి దించేటప్పుడు చేతి మీదికెల్లి కారిన కల్లు మడత కాడ పట్టింది, దాని మీద దుమ్ము, తాటి పీచు, అంతా ఎండి జిగురైంది. స్ప్రింగు దాన్ని నెట్టలేకపోతున్నది. ఇది ఆగ్రాల నాకెవ్వరూ చెప్పలేదు, చెప్పటానికి వాళ్ల కొక్కేలకు కల్లెక్కడిది. పట్నం నుంచి వచ్చి కిట్లు చూపిచ్చేటోళ్లు గూడ చెప్పరు, వాళ్లు ఎక్కేవి రాతి గుట్టలు. ఇది మన చెట్టుకే ఉన్న రోగం.

బావ ఒప్పుకుంటడా? "పట్టుకుంటది లే, ఇంత లావున్నది" అన్నడు. ఎక్కనియ్యలేదు. గోరువెచ్చటి నీళ్లు తెప్పిచ్చి, పాత పండ్ల బ్రష్‌తోని మడత కాడ, మర లోపట, ముక్కు గాడిల రుద్దినం. నల్లటి నీళ్లు కారినయి. గుడ్డతోని తుడిచి, గాలికి ఆరనిచ్చి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క మడతల వేసి, తలుపు ఇరవై సార్లు ఆడిచ్చి, మిగిలిన నూనె మళ్ల తుడిచేసినం. నూనె ఉంచితే దుమ్ము పడుతది, రోప్‌కు అంటుతది, అది వద్దు. అప్పుడు వదిలితే టక్! బావ మళ్ల నొక్కి వదిలిండు, టక్. చిన్నపిలగాని లెక్క నాలుగైదు సార్లు కొట్టుకుంట కూసున్నడు. ఇప్పుడు ఆయనే మందికి చెప్తుండు, నాకంటె ఎక్కువ.

కాబట్టి పద్ధతి ఇట్ల పెట్టుకోండి. కాలు నేల మీద ఉన్నప్పుడే తగిలియ్యాలె, చప్పుడు ఇనాలె, మర తిప్పాలె, బొటనవేలితో మూతి తడమాలె, వెనకకు ఒరిగి బరువంతా వేసి చూడాలె. మర కిందికి తిప్పితే బిగుసుకునేటట్టు క్లిప్పు పెట్టుకోవాలె. మీదికి తిప్పితే బిగుసుకునేటట్టు పెడితే, ఎక్కే కుదుపులకు అదే వదులైతది. తలుపు దిక్కు చెట్టుకు ఆననియ్యొద్దు, మట్ట మొదలు ఒత్తుకొని తెరుచుకుంటది. మీదికి పోయినంక, లొట్టి ముట్టకముందు మళ్లొకసారి తడమాలె. అక్కడనే చేతులు తడి అయితయి, అక్కడనే గెల గెలకు మారేటప్పుడు ఇప్పి పెట్టవలసి వస్తది. ఇప్పేది ఉంటే రెండో క్లిప్పు తగిలిచ్చి, దాని నోరు మూసినంకనే మొదటిది ఇప్పండి. నడుమ ఒక్క క్షణం గూడ రెండూ ఇప్పి ఉండొద్దు.

"మా తాతలు క్లిప్పు లేకుంటనే ఎక్కిన్రు" అంటరు కొందరు. ఎక్కిన్రు. కాని వాళ్లు పొద్దుగాల మోకును కాలుతోని తొక్కి గుంజి చూడకుంట ఎక్కిన్రా? అది మర్చిపోయి ఎక్కుడు మాత్రమే గుర్తు పెట్టుకుంటున్నం.

మిగిలినయి గబగబ చెప్పేస్త, టైము అయిపోవస్తున్నది. రోప్‌ను నీడల ఆరేయండి, ఎండకు నైలాన్ పాడైతది. బ్యాటరీ నీళ్ల దగ్గర పెట్టొద్దు. తెగిన రోప్‌ను ముడివేసి వాడొద్దు, ముడి కాడ బలం సగం దాక పోతది. గీత కత్తి ముస్తాదుల తప్ప ఎక్కడా పెట్టొద్దు, బిగుసుకున్న రోప్‌కు కత్తి అంచు తగిలితే అంతే సంగతి. ఒకసారి జారి రోప్ మీద గట్టిగ పడ్డరా, ఆ రోప్ మళ్ల వాడొద్దు. కరెంటు తీగలకు దగ్గర ఉన్న చెట్టు, ఉరుము ఇనబడ్డ ఆకాశం, తాగిన ఒళ్లు, మూడూ ఎక్కటానికి పనికిరావు. జారి పట్టీల మీద వేలాడితే కాళ్లు ఊరికే వేలాడెయ్యొద్దు, రక్తమంతా కాళ్లల్ల ఆగి సోయి తప్పుతది. కాళ్ల లూపుల నిలబడుండ్రి, కాళ్లాడియ్యుండ్రి, మనుషుల్ని పిలవటానికి ఫోను చొక్కా జేబుల పెట్టుకొనే ఎక్కండి. కింద పడ్డోన్ని కాళ్లు చేతులు పట్టి లేపకుండ్రి, వెన్నుపూస తేడా కొడుతది. కదపకుంట 108కు కొట్టండి, ఎంజీఎం దవాఖానకు తీసుకపోతరు. వేరే దారి లేకుంటే మాత్రం తలుపు చెక్క మీద సాపుగ పెట్టి కదపాలె.

ఇంకొకటి, ఇది గబగబ చెప్పేది గాదు. కడిగినా గూడ టక్కుమనని క్లిప్పు ఉంటే దాన్ని పక్కకు పెట్టి, సంఘంల చెప్పి కొత్తది అడగండి. అది వచ్చే దాక మోకుతోనే ఎక్కండి, నేను కిట్టు వద్దన్న అనుకోకండి. సగం మూసే క్లిప్పు మీద భరోసా పెట్టుకొని వెనకకు ఒరిగే కంటె, జాగ్రత్తగ ఎక్కే మోకు నయం. కొత్తది సొంతంగ కొనుక్కుంటం అనేటోళ్లు వినండి: బజార్ల తాళంచెవులకు పెట్టుకునే రంగురంగుల క్లిప్పులు అచ్చం ఇట్లనే ఉంటయి, అవి మనిషి బరువుకు చేసినయి గావు. అసలుదాని వీపు మీద ఇరవయో, ఇరవై రెండో, అంతకెక్కువో అంకె చెక్కి, పక్కన కేఎన్ అని ఉంటది. ఆ అంకె లేకుంటే కొనకుండ్రి, ఎవలన్న ఉత్తగ ఇచ్చినా తీసుకోకుండ్రి.