గ్రామసేవకు వచ్చు ఉద్యోగులకు ఏ పని అప్పగించవలెను?

(రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఇటీవలి కాలములో మన గ్రామములకు ఒక కొత్త రకపు అతిథులు వచ్చుచున్నారు. పట్టణములలోని కంపెనీలలోను, బ్యాంకులలోను పనిచేయు ఉద్యోగులు శనివారము నాడు బస్సెక్కి వచ్చి, అందరూ ఒకే రంగు చొక్కాలు తొడుగుకొని, మొక్కలు నాటి, చెరువులో పూడిక తీసి, పాఠశాల గోడకు సున్నము కొట్టి, సాయంకాలమునకు తిరిగి పోవుచున్నారు. తమ సెలవు దినమును మన ఊరి కొరకు వెచ్చించుచున్నారు. మెచ్చదగినదే. కాని వారు బస్సెక్కిన మరునాటి నుండి ఆ పని ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు ముందుగా నిర్ణయించుకొనని గ్రామములో ఆ శనివారపు శ్రమ చాల వరకు వేసవి నాటికే ఎండిపోవును.

శ్రమదానము మనకు కొత్త కాదు. వనమహోత్సవము 1950లో ఆరంభమైనది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము మొదలైనప్పుడు గ్రామస్థులే స్వయముగా పార పట్టి రోడ్లు వేసికొనినారు. కళాశాల విద్యార్థులను గ్రామములకు పంపు జాతీయ సేవా పథకము 1969లో వచ్చినది. ఉద్యోగుల సేవ వీటి తరువాత వచ్చిన తమ్ముడు వంటిది. అయితే దీని వెనుక ఒక చట్టమున్నది. అది మీరు తెలిసికొనుట అవసరము.

2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము, నికర విలువ 500 కోట్ల రూపాయలు గాని, అమ్మకముల రాబడి 1,000 కోట్లు గాని, నికర లాభము 5 కోట్లు గాని ఉన్న కంపెనీ, గడచిన మూడేండ్ల సగటు లాభములో 2 శాతము సామాజిక కార్యములకు ఖర్చు చేయవలెను. పర్యావరణ రక్షణ, గ్రామాభివృద్ధి ఆ కార్యముల పట్టికలో ఉన్నవి. 2021లో నియమములను సవరించినప్పుడు, ప్రారంభించిన సంవత్సరము గాక మరి మూడు సంవత్సరముల వరకు సాగు పనులను కూడ అందులో చేర్చినారు. ఈ చివరి మాట మనకు ముఖ్యము. కంపెనీ వారు "మాకు ఒక్క దినము పనికే వీలున్నది" అనిన యెడల, ఉద్యోగులు వచ్చునది ఒక్క దినమే కావచ్చును గాని, కంపెనీ ఖర్చు నాలుగు వేసవుల వరకు సాగుటకు చట్టము అడ్డురాదని మీరు మర్యాదగా చెప్పవచ్చును.

ఇక పని విషయము. ముందు చెరువు సంగతి చూతము. ఒక ఎకరము మేర ఒక అడుగు లోతు పూడిక తీయవలెనన్న సుమారు 1,233 ఘనపు మీటర్ల మట్టి ఎత్తవలెను. ట్రాక్టరు ట్రాలీకి మూడు ఘనపు మీటర్ల చొప్పున లెక్కించిన 400 ట్రాలీలకు పైమాట. దినమంతయు కుర్చీలో కూర్చుండి పనిచేయు మనిషి ఎండలో పార పట్టి ఒక ఘనపు మీటరు తవ్విన గొప్పయే. ఏబదిమంది వచ్చిననూ ఆ ఒక్క ఎకరమునకు ఇరువదియైదు దినములు పట్టును. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ ఆరంభమైనప్పుడు ప్రభుత్వము యంత్రములతో పూడిక తవ్వించగా, రైతులు తమ ఖర్చుతో ఆ మట్టిని పొలములకు తోలుకొనినారు. పూడిక కదలినది ఆ విధముగా గాని, గంపలతో కాదు.

అయితే చెరువు దగ్గర వారికి పనియే లేదా? ఉన్నది. పూడిక మట్టి పంచుకొనుటలో తగవులు ఎట్లు వచ్చునో మీకు నేను చెప్పనక్కరలేదు. ఎవరి పొలమునకు ఎన్ని ట్రాలీలు పోయినవి, ఎవరు ఎంత ఇచ్చినారు, ఇంకెవరికి రావలెను అను లెక్క తప్పులేకుండ వ్రాయు మనిషి ఒక్కడున్న సగము తగవు తీరును. అది బ్యాంకు ఉద్యోగి కంటిమూతతో చేయగల పని. ఇంజనీరు వచ్చిన యెడల తూము మట్టమునకు, అలుగు మట్టమునకు మధ్య ఎత్తు కొలిపించుకొనుడు. పూడిక మట్టి ఎర్ర చల్కా నేలలకు మేలు గాని, బరువైన నల్లరేగడికి అంత అవసరముండదు. కనుక తోలుటకు ముందు ఆ మట్టిని పరీక్ష చేయించవలెను. నమూనాలు తీసి, సంచులపై రైతు పేరు, సర్వే నంబరు వ్రాసి ప్రయోగశాలకు చేర్చుట కూడ వారికి అప్పగించదగినదే. పొలపు మట్టి నమూనాకు ఆరంగుళముల లోతున పది పదిహేను చోట్ల తీసి కలిపి, అరకిలో మిగుల్చుకొనవలెనని వారికి ముందుగా చూపుడు.

చెట్ల విషయములో నష్టము ఎక్కువగా జరుగుచున్నది గనుక కొంత వివరముగా చెప్పెదను. బస్సులో రెండు వందల మొక్కలు వచ్చును. నాటుటకు మూడు గంటలు చాలును. తరువాత డిసెంబరు నుండి మే వరకు 26 వారములు, వారమునకు మొక్కకు పది లీటర్ల చొప్పున పోసిన 52,000 లీటర్ల నీరు కావలెను. అనగా 5,000 లీటర్ల ట్యాంకరు పదకొండు సార్లు తిరుగవలెను. రెండు వేసవులకు ఇరువదిరెండు సార్లు. ట్యాంకరు బాడుగ, పాదులు సవరించు మనిషి కూలి, మేకలు పడకుండ ముళ్ళకంప, వీటి ముందు మొక్కల వెల ఏపాటిది? కాబట్టి కంపెనీ వారు "మొక్కలు ఎన్ని కావలెను?" అని అడిగినప్పుడు, "నీళ్ళు ఎన్ని వేసవులు పోయించెదరు?" అని మీరు అడుగవలెను. మొక్కలు గ్రామ పంచాయతీ నర్సరీలో దొరకవచ్చును. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టము నాటిన మొక్కలలో 85 శాతము బ్రతికించవలెనని పంచాయతీ మీదనే బాధ్యత పెట్టినది. రెండు వందలు నాటిన నూటడెబ్బది బ్రతుకవలెనన్న మాట. నాటిన సంఖ్యను బోర్డు మీద వ్రాయుటకు అందరికీ ఉత్సాహమే. రెండవ వేసవి తరువాత బ్రతికినవి ఎన్నియో లెక్కించి అదే బోర్డు మీద వ్రాయుటకు ఆ ఉద్యోగులనే మరల రమ్మనుడు. నా దృష్టిలో మొదటి రాక కంటె ఆ రెండవ రాక విలువైనది.

ఏ మొక్కలన్నది కూడ మీరే చెప్పవలెను. పొలపు గట్లకు గిరిపుష్పము మంచిది, కొమ్మ నరికిన కొలది పచ్చిరొట్ట ఇచ్చును. బాటలకు కానుగ, వేప. కానుగను పశువులు అంతగా ముట్టవు. ఖాళీ స్థలమున్నచోట చింత. చెరువు శిఖము భూమిలో మాత్రము చెట్లు నాటనీయకుడు, అది నీరు నిలువవలసిన చోటు. కానుగకు, వేపకు ఒకటిన్నర అడుగుల గోతులు, చింతకు మూడు అడుగుల గోతులు ఏప్రిల్, మే నెలలలోనే తవ్వించి ఎండనీయవలెను. ఈ గోతులు తవ్వుటకు ఉద్యోగులను పెట్టవద్దని నా అభిప్రాయము. వారు ఊరకనే తవ్విన యెడల మన ఊరి కూలీల పని పోవును. పైగా గోతులు వంకరగా వచ్చును. కంపెనీ సొమ్ముతో ఊరి కూలీలకు కూలి ఇప్పించి తవ్వించుడు. జూలైలో రెండు మంచి వానలు పడిన తరువాత ఉద్యోగులు వచ్చి నాటుదురు గాక. వరినాట్లు ముమ్మరముగా సాగు వారము మాత్రము వద్దని ముందే చెప్పుడు. అతిథులు వచ్చినారని ఊరంతయు పని మాని నిలుచుండుట ఎవరికీ లాభము కాదు. భోజనముల సంగతి కూడ అంతే. వచ్చినవారికి వేటను కోయవలెనని కొందరు పెద్దలు పట్టుపట్టుదురు. మజ్జిగ చాలును.

కాగితము పని మనకు చేదు, వారికి అలవాటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరవు జిల్లాల రైతులు తమ బావులలో నీటిమట్టమును, వానను తామే కొలిచి, ఆ లెక్కను బట్టి ఏ పంట వేయవలెనో నిర్ణయించుకొను పథకమొకటి 2000 తరువాతి దశాబ్దములో నడచినది. కొలుచుట రైతుకు కష్టము కాదు. పదిహేను దినముల కొకసారి కొలిచిన అంకెలను పటముగా గీసి, నిరుటితో పోల్చి రచ్చబండ దగ్గర గోడకు అంటించుటకే మనిషి దొరకడు. పట్టణములో కూర్చుండియే ఒక ఉద్యోగి ఆ పని చేసి పంపవచ్చును. రైతుల ఉత్పత్తిదారుల సంఘములకు జమాఖర్చులు సరిచేయుట, సంఘపు గుమాస్తాకు కంప్యూటరులో ఖాతా వ్రాయుట నేర్పుట, బీమా దరఖాస్తులు నింపి చూపుట ఇట్టివే. టాటా కంపెనీల వారు 2014లో ప్రారంభించిన ప్రోఎంగేజ్ పథకములో ఉద్యోగులు ఆరు నెలల పాటు వారమునకు కొన్ని గంటలు తమకు వచ్చిన విద్యనే సేవాసంస్థలకు ఇచ్చుచున్నారు. ఇట్టి ఏర్పాటులో చొక్కాలు, ఛాయాచిత్రములు తక్కువ, పని ఎక్కువ.

చివరగా ఒక వ్యవహారపు మాట. కంపెనీల లెక్కల సంవత్సరము ఏప్రిల్ నుండి మార్చి వరకు. మార్చి నెలలో తొందరగా ఖర్చు పెట్టవలెనని వచ్చువారు ఎండలో మొక్కలు నాటుదురు. మీ కోరిక జనవరిలోనే వారికి చేరవలెను. గ్రామసభలో పెట్టి తీర్మానము వ్రాయించుడు. ఏ స్థలము, దాని సర్వే నంబరు, ఎన్ని గోతులు, నీరు ఎక్కడి నుండి, పోయు మనిషి ఎవరు, అతని నెలకూలి ఎంత, ఎన్ని నెలలు, కంపెనీ వంతు ఎంత, ఊరి వంతు ఎంత అనునవి అందులో ఉండవలెను. ఒక ప్రతి పంచాయతీలో ఉంచి, మరొకటి కంపెనీకి ఇచ్చి, వారి సంతకము తీసికొనుడు. కంపెనీలో ఈ పని చూచు అధికారి మారినను ఆ కాగితముండును. అట్టి తీర్మానము వ్రాయుటలో సందేహములున్నవారు మీ మండల వ్యవసాయాధికారిని గాని, సమీపములోని కృషి విజ్ఞాన కేంద్రము వారిని గాని అడుగవచ్చును. ఈ సమావేశము ముగిసిన తరువాత నన్ను అడిగినను సరియే.