విసిరే చేతి నాడి



అధ్యక్షస్థానంలో ఉన్నవాడు అన్ని రంగాలనూ ఒకసారి తడిమి కూర్చోవడం ఆనవాయితీ. నేను మాత్రం ఒక్క చేతి గురించి మాట్లాడతాను. అది జేమ్స్ రాడ్నీ రిచర్డ్ కుడి చెయ్యి.

హ్యూస్టన్ ఆస్ట్రోస్ బేస్‌బాల్ జట్టుకు ఆయన పిచర్, అంటే బంతి విసిరేవాడు. ఆరడుగుల ఎనిమిదంగుళాల మనిషి. 1978లో 303 స్ట్రైకౌట్లు, 1979లో 313 సాధించాడు. 1980లో చెయ్యి చచ్చుబడినట్టుంటోందని చెప్పుకున్నాడు. అప్పటికి ఆ ఏడు 10 ఆటలు గెలిచి నాలుగే ఓడాడు. ఇంత బాగా ఆడేవాడికి జబ్బేమిటన్నారు. బద్ధకమన్నారు, నటనన్నారు. జులైలో పరీక్షలు చేస్తే చేతికి వెళ్లే ధమనిలో అడ్డు కనబడింది. అయినా ఆపరేషన్ అక్కర్లేదనుకున్నారు. జులై 30న జట్టు సొంత మైదానం ఆస్ట్రోడోమ్‌లో బంతి విసురుతూ కూలిపోయాడు. పక్షవాతం! అప్పటికి ముప్పయ్యేళ్లవాడు. మళ్లీ మేజర్ లీగ్ ఆట ఆడలేదు.

చేతి ధమనికి అడ్డుపడిన రక్తపు గడ్డకు మెదడుతో ఏం పని? కుడివైపున చేతికీ మెడకూ పోయే ధమనులు ఒకే మొదలు నుంచి చీలతాయి. చేతి ధమనిలోని గడ్డ వెనక్కి పెరుగుతూ ఆ చీలిక దాకా వస్తే, తెగిన ముక్క పైకి, మెదడుకు పోగలదు.

గడ్డ కట్టడానికి కారణం విసురులోనే ఉంది. చేతిని పైకెత్తి వెనక్కి తిప్పినప్పుడు మెడ కండరాలకూ మొదటి పక్కటెముకకూ మధ్య ధమని నలుగుతుంది. కాస్త కిందికి వస్తే, చంకలో, భుజపు ఎముక గుండు దాన్ని ముందుకు నెడుతుంది. అక్కడ పుట్టే ఒక కొమ్మ ఎముక మెడను చుట్టి వెనక్కి పోతుంది. అది కట్టేసినట్టుండి కదలదు, కాబట్టి ప్రతి విసురుకీ సాగుతుంది. ఏళ్ల తరబడి సాగితే ఆ కొమ్మ మొదట్లో ఉబ్బు ఏర్పడి, అందులోని గడ్డల నలుసులు వేళ్లలోకి జారతాయి. సిర నలిగితే కథ వేరు: చెయ్యి వాచి నీలిరంగు తిరుగుతుంది.

సకాలంలో పట్టుకుంటే ఏమవుతుందో డేవిడ్ కోన్ చూపించాడు. 1996 మేలో ఆ న్యూయార్క్ యాంకీస్ పిచర్ భుజం దగ్గరి ధమనిలో ఉబ్బు దొరికింది, ఆపరేషన్ చేశారు. సెప్టెంబర్ 2న ఓక్లండ్‌లో తిరిగొచ్చి ఏడు ఇన్నింగ్స్‌లలో ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు.

బేస్‌బాల్ మనకెందుకంటారేమో. వాలీబాల్ స్మాషర్లలో కూడా సరిగ్గా ఎముక మెడను చుట్టే ఆ కొమ్మే దెబ్బతింటుంది. మన ఊళ్లలో సాయంత్రమైతే నెట్ కట్టని మైదానం అరుదు. వేళ్లు చల్లబడుతున్నాయనో, తెల్లబడుతున్నాయనో కుర్రాడు చెబితే వైద్యులమైన మనం భుజానికి ఎంఆర్ఐ రాసి పంపేస్తాం. చేతులు రెండూ పట్టుకుని పోల్చి చూసేది ఎందరం? నాకు సందేహమే.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. చెయ్యి పైకెత్తితే మణికట్టు నాడి ఆరోగ్యవంతుల్లోనూ పోవచ్చు. అదొక్కటే చూసి రోగమని తేల్చకండి. వేలికొనలు, గోళ్ల కింది మచ్చలు, రెండు చేతుల రక్తపోటు, చల్లదనం ఆటలోనే వస్తోందా, అన్నీ కలిపి చూడాలి. మధ్యాహ్నపు శిక్షణలో డాప్లర్‌ను పక్కన వాల్చిన చేతి మీదే కాక, స్మాష్‌కు ఎత్తిన చేతి మీద కూడా పెట్టి చూపమని నిర్వాహకులను కోరుతున్నాను.

ఇక మొదటి పత్రం సమర్పించవలసినవారు వేదిక మీదికి రావాలి.