చూస్తున్న పిల్లలే ఆపగలరు



బడులు తెరిచారు. కొత్త తరగతి, కొత్త సెక్షన్, కొందరికి కొత్త బస్సు, కొందరికి మొదటిసారి హాస్టలు. ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలి, ఎవరి మాట చెల్లాలి అన్నది పిల్లల మధ్య ఈ రోజుల్లోనే తేలిపోతుంది. ఆ తేలిపోవడంలోనే ఒకరిద్దరు పిల్లలు అందరికీ లోకువైపోతారు. తోటిపిల్లల వేధింపులు అక్కడ మొదలవుతాయి. మా పిల్లాడి జోలికి ఎవరూ రారు, మాకు ఈ గొడవ లేదు అనుకునే తల్లిదండ్రులు కూడా దయచేసి వినండి. ఇవాళ మీతోనే నాకు ఎక్కువ పని ఉంది.

ముందుగా ఏది ఆట, ఏది వేధింపు అన్నది పిల్లలకు తెలియాలి. పిల్లలన్నాక పోట్లాడుకుంటారు, పేర్లు పెట్టుకుంటారు, సాయంత్రానికి మళ్లీ కలిసి ఆడుకుంటారు. దాని గురించి మనం బెంగపడక్కర్లేదు. నార్వేలో ఏళ్ల తరబడి ఈ విషయం మీదే పనిచేసిన మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ మూడు గుర్తులు చెప్పారు. కావాలని బాధపెట్టడం, పదేపదే చేయడం, ఎదురు తిరగలేని వాళ్లనే ఎంచుకోవడం. పిల్లలకు దీన్ని మనం ఇలా చెప్పవచ్చు. "ఇద్దరూ నవ్వుతుంటే ఆట. ఒకరు నవ్వుతూ ఇంకొకరు ఏడుపు ఆపుకుంటుంటే ఆట కాదు. ఆపమన్నా ఆపకపోతే అస్సలు ఆట కాదు." ఒకటో తరగతి పిల్లకైనా ఇది అర్థమవుతుంది.

కొట్టడం, డబ్బులు లాక్కోవడం ఒక్కటే వేధింపు కాదు. ఒంటి రంగునో, లావునో, నత్తినో, యాసనో, కులాన్నో, నాన్న చేసే పనినో పట్టుకుని రోజూ అనడం వేధింపే. "దానితో ఎవరూ మాట్లాడొద్దు" అని కట్టుబాటు పెట్టడం వేధింపే. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒకరి ఫొటో పెట్టి అందరూ నవ్వడమూ వేధింపే.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. కెనడాలో కొందరు పరిశోధకులు బడి ఆటస్థలాల్లో కెమెరాలు, మైకులు పెట్టి పిల్లల మధ్య ఏం జరుగుతోందో గమనించారు. 2001లో ఆ ఫలితాలు బయటికొచ్చాయి. వేధింపు జరిగినప్పుడు నూటికి 88 సందర్భాల్లో పక్కన వేరే పిల్లలు నిలబడి చూస్తున్నారు. వాళ్లు కల్పించుకున్నది మాత్రం నూటికి 19 సందర్భాల్లోనే. అయితే ఎవరో ఒకరు కల్పించుకున్నప్పుడు, సగానికి పైగా సార్లు పది సెకన్లలో వేధింపు ఆగిపోయింది. పది సెకన్లు! టీచరు మెట్లు దిగి వచ్చేలోపు, తోటిపిల్ల నోటి నుంచి వచ్చిన ఒక్క మాట ఆ పని చేసేసింది.

ఎందుకంటే ఏడిపించేవాళ్లకు కావలసింది చుట్టూ ఉన్నవాళ్ల నవ్వు, వాళ్ల దృష్టిలో గొప్ప. అది దొరకనప్పుడు ఉత్సాహం చల్లారుతుంది. ఫిన్లాండ్‌లో క్రిస్టీనా సల్మివల్లి అనే ఆచార్యురాలు ఈ చూసే పిల్లల మీదే దృష్టి పెట్టారు. వాళ్ల విశ్వవిద్యాలయం తయారుచేసిన పాఠాలు ఆ దేశంలో ఎన్నో బడులకు వెళ్లాయి. ఏడిపించేవాణ్ణి, ఏడ్చేవాణ్ణి మాత్రమే పిలిచి మాట్లాడితే చాలదని, తరగతి మొత్తంతో మాట్లాడాలన్నది ఆ పాఠాల సారం.

కాబట్టి మీ పిల్లలకు మూడు పనులు నేర్పండి. ఒకటి, నవ్వొద్దు, వీడియో తీయొద్దు, వచ్చిన దాన్ని ఇంకొకరికి పంపొద్దు. రెండు, ధైర్యం చాలితే "ఇక చాలు, వదిలెయ్" అనాలి. అంత ధైర్యం లేకపోతే ఏడుస్తున్న పిల్ల దగ్గరికెళ్లి "రా, మనం మంచినీళ్లు తాగొద్దాం" అని చెయ్యిపట్టుకుని తీసుకొచ్చేయాలి. తన్నులాట అయితే మధ్యలోకి వెళ్లొద్దు, పరుగెత్తి పెద్దవాళ్లను పిలవాలి. మూడు, టీచరుకు చెప్పాలి. చాడీలు చెప్పేవాడంటారని పిల్లలు భయపడతారు. "ఒకరికి తిట్లు తినిపించడానికి చెబితే చాడీ. ఒకరిని కాపాడటానికి చెబితే సాయం" అని వాళ్లకు విడమరచి చెప్పండి.

మరి వేధింపు పడుతున్నది మీ పిల్లలే అయితే? చాలామంది నోరు విప్పరు. సాయంత్రం బ్యాగు తీసినప్పుడు నీళ్ల సీసా చూడండి. పొద్దున నింపి ఇచ్చింది రోజూ నిండుగానే తిరిగి వస్తోందా? బడిలో టీచర్లు ఉండని చోటు బాత్రూమ్. అక్కడ ఎవరో కాపు కాస్తారన్న భయంతో కొందరు పిల్లలు పొద్దస్తమానం నీళ్లే తాగరు. సెలవురోజున రాని కడుపునొప్పి సోమవారం పొద్దునే రావడం, పెన్నులు, జామెట్రీ బాక్సులు మాటిమాటికీ పోవడం, బస్సు వద్దని మారాం చేయడం... ఇవి రెండు మూడు కలిసి కనిపిస్తే పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. "ఎవరైనా కొట్టారా?" అంటే లేదంటారు. "భోజనాల బెల్లు కొట్టాక ఎవరి పక్కన కూర్చున్నావు నాన్నా?" అని అడగండి. మాట అక్కడి నుంచి కదులుతుంది.

చెప్పాక "నువ్వేం చేశావు?" అనకండి, తప్పు తనదే అనుకుంటాడు. "పట్టించుకోకు" అనకండి, ఇంకెప్పుడూ చెప్పడు. "నువ్వూ నాలుగు తగిలించు" అనకండి, ఆ బలం ఉంటే మీ దాకా వచ్చేవాడే కాదు. "చెప్పి మంచి పని చేశావు. తప్పు నీది కాదు. ఏం చేద్దామో ఇద్దరం ఆలోచిద్దాం" అనండి. ఏ రోజు, ఎక్కడ, ఎవరెవరు ఉన్నారు అన్నది ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. ఫోన్లో వచ్చినవైతే చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. ఫోను మాత్రం లాక్కోకండి, అది పోతుందన్న భయంతోనే పిల్లలు దాస్తారు.

అవతలి పిల్లాడి ఇంటి మీదికి వెళ్లకుండా క్లాసు టీచరు దగ్గరికి వెళ్లండి. వేధింపు జరిగే చోట, అది మెట్ల దగ్గరైనా బస్సులోనైనా, ఆ వేళకు ఏ పెద్దవాళ్లు ఉంటారో అడిగి మాట తీసుకోండి. ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి చేతులు కలిపించే పద్ధతి మాత్రం వద్దనండి. భయపడే పిల్ల అక్కడ దేనికైనా తల ఊపుతుంది.

హాస్టల్లో ఉన్న పిల్లల సంగతి వేరు. ఆదివారం ఫోను చేసినప్పుడు వెనకాల పదిమంది వరసలో ఉంటారు. పాపం, వాళ్ల ముందు పిల్ల ఎలా చెబుతుంది? సెలవులకు వచ్చినప్పుడే ఒక గుర్తుమాట అనుకోండి. ఆ మాట వినపడితే మర్నాడే బయల్దేరండి. ర్యాగింగును నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది. ఫిర్యాదు అందినా కదలని విద్యాసంస్థ పెద్దలను కూడా ఆ చట్టం నేరానికి తోడ్పడినవాళ్లుగానే చూస్తుంది. అందుకే ఫిర్యాదు నోటితో సరిపెట్టకుండా కాగితం మీద రాసి ఇవ్వండి.

ఏడిపించేది మీ పిల్లాడేనని బడి నుంచి కబురు వస్తే "మావాడు అలాంటివాడు కాదు" అని తోసిపుచ్చకండి, బెల్టూ తీయకండి. దెబ్బలతో వాడు నేర్చుకునేది, బలం ఉన్నవాడిదే పైచేయి అన్న పాఠమే. ఏం జరిగిందో వాడి నోటితోనే చెప్పించండి. పాడుచేసిన వస్తువు వాడి చేతే తిరిగి ఇప్పించండి. కొన్ని వారాలు వాడి మీద ఒక కన్నేసి ఉంచండి.

సాయం కావాలంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098, రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బు పడదు. పిల్లలే స్వయంగా చేయవచ్చు. దిగులు, నిద్ర పట్టకపోవడం, చచ్చిపోవాలనిపిస్తోందన్న మాటలు ఉంటే టెలీ మానస్ 14416కు వెంటనే చేయండి. ఈ రెండు నంబర్లూ పిల్లల డైరీ మొదటి పేజీలో రాయించండి.

ఇవాళ అన్నాలప్పుడు మార్కుల సంగతి తర్వాత అడగండి. ముందు ఈ ఒక్క ప్రశ్న వేయండి. "మీ క్లాసులో ఎవరూ మాట్లాడని పిల్లలు ఉన్నారా? రేపు నువ్వు వెళ్లి మాట్లాడతావా?" ఒక తరగతిలో నలుగురు తల్లిదండ్రులు ఇలా అడిగితే చాలు, ఆ తరగతిలో ఒక పిల్లనైనా ఒంటరి చేయడం ఎవరి తరమూ కాదు.